ఊఁ అంటే చాలు

"కన్నతల్లి లోపలికి ఎల్లకూడదేటమ్మా? ఏ ఊర్లో ఉంది ఈ రూలు?"

గోవాడ నుంచి వచ్చిన అచ్చియ్యమ్మ గొంతుకి, పసిపిల్లల వార్డు ముందున్న వాళ్ళంతా ఇటు తిరిగారు. లోపల అద్దాల పెట్టెలో ఊపిరి కోసం తన్నుకుంటున్నది ఆమె మనవడు.

డాక్టర్ కనకదుర్గ గోడకు ఆనుకుని నిలబడింది. చోడవరంలోని ఈ ఆసుపత్రిలో ఒకరి జబ్బు ఇంకొకరికి అంటకుండా చూడడమే ఆమె పని. చేతులు కడుక్కోలేదని పెద్ద సర్జన్ని సైతం ఆపరేషన్ థియేటర్ గుమ్మంలోంచి వెనక్కి పంపిన మనిషి. కాళ్ళు పట్టుకున్న తాతల్నీ, కంటతడి పెట్టిన తండ్రుల్నీ ఈ తలుపు దగ్గరే ఆపేసింది.

"తల్లి ముక్కులో మందులకు లొంగని క్రిమి దొరికింది," అంది మాస్కు సరిచేసుకుంటూ. "అది పోయిందని పరీక్షలో తేలేదాకా లోపలికి వెళ్ళకూడదు. అక్కడ ఇంకా నలుగురు పసివాళ్ళున్నారు."

"నువ్వూ ఆడదానివేనా? తల్లి సెయ్యి తగిల్తే గుంటడికి పేణం లేసొస్తాది!"



పిల్లల డాక్టరు హరిబాబు బయటికొచ్చి కనకదుర్గను పక్కకు పిలిచాడు.

"బాబు బాగా నీరసించిపోయాడు మేడమ్. ఏమైనా జరగొచ్చు. గౌను, గ్లవ్స్ వేసుకుంటే ఒక్క నిమిషానికి ఏం కాదు. మీరు ఊఁ అంటే చాలు."

ఊఁ అందామనే నోరు తెరిచింది. బెంచీ మీది తల్లులు ఆమెనే చూస్తున్నారు. కె.కోటపాడు అశ్వినికి పుట్టిన కవలలిద్దరూ లోపలే ఉన్నారు.

"మా గుంటలకేటీ అవదు కదా మేడమ్?" అంది అశ్విని, బెదురుగా.

తలుపుకు తాళం లేదు. తోస్తే తెరుచుకుంటుంది. అడ్డున్నదల్లా తాను పెట్టిన రూలే. దాన్ని దాటడానికి లేదు, అక్కణ్ణించి పారిపోవడానికీ లేదు.

"వద్దు," అంది.

అచ్చియ్యమ్మ శోకాలు మొదలెట్టింది. హరిబాబు ఒక్క ఉదుటున లోపలికి వెళ్ళిపోయాడు. కనకదుర్గ కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. ఎవరో ఇచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది.

సాయంత్రానికి హరిబాబు చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"ఊపిరి అందుకున్నాడు. గండం గడిచినట్టే."

అచ్చియ్యమ్మ అక్కడే కూలబడి భోరుమంది. కనకదుర్గ మాత్రం కిటికీ అద్దానికి రెండు చేతులూ ఆనించి, పుట్టాక ఇంకా ఒక్కసారైనా ఎత్తుకోని తన కొడుకును చూస్తూ ఉండిపోయింది.