దొంగల కోసం పెట్టిన పేరు

"ఇదే పేరు. ఇంక దీని మీద చర్చ లేదు," అంది భార్య, పందొమ్మిది రోజుల పాపను ఒడిలో సర్దుకుంటూ.

ఆమె చూపించిన ఫోన్‌లోకి భర్త తొంగిచూశాడు. లుహైరా. అరుదైన అరబ్బీ పేరు. అర్థం: తొలివానకు తడిసిన ఇసుక వాసన. చరిత్ర: ఎడారి దారిలో బాటసారుల కోసం ఏడు బావులు తవ్వించిన మహాతల్లి పేరు. వాడుక: పది లక్షల మందిలో ఒక్కరికి.

ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. ఆ సంగతి అతనికంటే బాగా ఎవరికి తెలుస్తుంది? రాసింది అతనే.

పిల్లల పేర్లకు అర్థాలు చెప్పే వెబ్‌సైటులో అతని ఉద్యోగం. రోజుకు నలభై పేర్లు వండి వార్చాలి. వీళ్లు రాసిందల్లా పక్క వెబ్‌సైట్ల వాళ్లు కామాలతో సహా ఎత్తుకుపోతుంటే యజమానికి ఒళ్లు మండింది. లోకంలో లేని పేరొకటి పుట్టించి జాబితాలో కలిపేయమన్నాడు. దాన్ని కూడా ఎత్తుకుపోయారంటే దొంగలు సాక్ష్యంతో దొరికినట్టే. టీ చల్లారేలోపు మనవాడు లుహైరాను పుట్టించాడు, ఏడు బావులూ తవ్వించాడు. దొంగలు దొరికారు. కేసు కోర్టుకెక్కింది. తీర్పు వచ్చేదాకా ఈ సంగతి కట్టుకున్న భార్యకు చెప్పినా ఉద్యోగం ఊడుతుందని యజమాని సంతకం కూడా పెట్టించుకున్నాడు.

ఈ మధ్య ఆ పేజీని రోజుకు వందసార్లు చూస్తున్నారని ఆఫీసులో అందరూ తెగ మురిసిపోయారు. ఆ వందసార్లూ చూస్తున్నది తన భార్యేనని అతనికి ఇప్పుడు అర్థమైంది.

"నాకెందుకో ఆ పేరు మీద నమ్మకం కుదరడం లేదు," అన్నాడు నెమ్మదిగా.

"మీ వెబ్‌సైటులోనే ఉందిగా."

"మా వెబ్‌సైటును నమ్ముకుని ఎవరైనా పేరు పెడతారా?"

"ఇంకో పదకొండింటిలో కూడా చూశాను. అన్నిట్లోనూ అదే అర్థం, అవే ఏడు బావులు. పదకొండు మందీ కూడబలుక్కుని అబద్ధమాడతారా?"

ఆ పదకొండు మందికీ కోర్టు నోటీసులు వెళ్లాయని అతను చెప్పలేకపోయాడు. వేరే పేర్లు చెప్పి చూశాడు. అతని తల్లి పేరు వీధికి నలుగురికి ఉందంది. నాయనమ్మ పేరు పలకడానికే బరువుగా ఉందంది. మునిసిపల్ ఆఫీసుకు తర్వాతి రెండు రోజులూ సెలవు కాబట్టి, ఇరవై ఒక్క రోజుల్లోపు జనన ధ్రువపత్రానికి పేరు ఇవ్వాలంటే ఆ రోజు మూడు గంటల వరకే గడువు. ఒకసారి పేరు ఎక్కితే మార్చుకోవడానికి చెప్పులు అరిగేలా తిరగాలి.

అతనికి నిజంగానే భయం వేసింది. రేపో మాపో తీర్పు వస్తుంది. లుహైరా అనేది కట్టుకథ అని అందులో అచ్చవుతుంది. పిల్ల పెద్దదై, నాన్నా నా పేరుకు అర్థమేమిటని అడిగితే ఏం చెప్పాలి? వెర్రిబాగుల నాన్న, ఉద్యోగానికి భయపడి కూతురికి ఉత్తుత్తి పేరు తగిలించాడు.

మిగిలిన ఆశ ఒక్కటే, మామగారు. ముప్పై అయిదేళ్లు బడిలో అరబ్బీ చెప్పిన పంతులుగారు. పేర్లు, వాటి అర్థాల మీద దిండంత పుస్తకం అచ్చేసిన మనిషి. నాన్న కాదంటే మానేస్తానని భార్య కూడా ఒప్పుకుంది. అతని ప్రాణం కుదుటపడింది. పంతులుగారి దగ్గర దొంగ పేరు చెల్లదు.

ఆయన భోజనాల వేళకు వచ్చాడు. మనవరాలి బుగ్గ తాకి, కళ్లజోడు పెట్టుకుని, ఫోన్‌ను చేతికందినంత దూరంలో పట్టుకుని రెండుసార్లు చదివాడు. అల్లుడి ముఖంలోకి చూశాడు. కూతురి ముఖంలోకి ఇంకాసేపు చూశాడు.

"మంచి పేరు. పాత కవిత్వంలో వస్తుంది. కాకపోతే బావులు ఏడు కాదు, తొమ్మిది," అన్నాడు.

కూతురు పొంగిపోయి పాపను లుహైరా అని పిలిచేసింది. అల్లుడు చేసేది లేక ఆ పేరే కాగితం మీద రాశాడు.

మామా అల్లుళ్లిద్దరూ కాగితం పట్టుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్లారు. వరసలో ముందు ఇద్దరే మిగిలారు. గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది. ఉద్యోగం పోతే పోయిందనుకుని, అల్లుడు మామగారి చెవిలో ఉన్నదంతా కక్కేశాడు. పేరు పుట్టించిన రోజు, కోర్టు కేసు, సంతకం, ఏదీ దాచలేదు.

ఆయన తాపీగా అన్నాడు, "అలాంటి పేరు లేదని చదవగానే తెలిసింది."

"మరి తొమ్మిది బావులన్నారు?"

"నువ్వు ఏడు తవ్వావు. నేను ఇంకో రెండు తవ్వాను."

ముందున్నవాళ్లు తప్పుకున్నారు. గుమాస్తా కిటికీలోంచి చెయ్యి చాపి కాగితం అడిగాడు. అల్లుడు ఇవ్వకుండా గుండెలకు హత్తుకున్నాడు. మామగారు అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి కాగితం తీసుకుని లోపలికి ఇచ్చేశాడు. గుమాస్తా ముద్ర వేశాడు.

"అన్నీ తెలిసి ఎందుకిలా చేశారు మామయ్యా?" అన్నాడు అల్లుడు.

"నా పుస్తకాన్ని కూడా దొంగతనంగా అచ్చేసేవాళ్లు అల్లుడూ. వాళ్లను పట్టుకుందామని నేనూ ఒక పేరు పుట్టించాను, అదేమో మీ అత్తయ్యకు తెగ నచ్చేసింది," అన్నాడాయన రసీదు మడిచి జేబులో పెట్టుకుంటూ. "మూడేళ్లుగా నువ్వు దానితోనే కాపురం చేస్తున్నావు."