మైనం చుక్క

ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాలం నలభై రోజులకీ చర్చి పాటల మాస్టారు టీ మానేశారు.

కోపం కూడా మానేస్తారేమోనని పాటలవాళ్ళు ఆశపడ్డారు గానీ, ఆయన ఉపవాసం కడుపుకే తప్ప నోటికి కాదు.

ఆ శనివారం చర్చిలో పాత ఆర్గన్ మొరాయించింది. ఎంత తొక్కినా గాలి పట్టదు. పాస్టరుగారు వాకబు చేసి, పొరుగూరి నుంచి ఒక రిపేరమ్మని పిలిపించారు.

ఆమె దుమ్ముకు ముక్కూ మూతీ గుడ్డతో కట్టుకుని వెనక పలక విప్పింది.

"జాగ్రత్తమ్మా. ముప్పై ఏళ్ళుగా నేను తప్ప ఇంకొకరు వేలు పెట్టలేదు అందులో."

"తెలుస్తూనే ఉంది మాస్టారూ."

చిరిగిన తోలుతిత్తికి అతుకు వేసింది. గాలి పట్టింది.

"కాస్త టీ దొరుకుతుందాండీ?"

"నేను మానేశాను."

"మానింది మీరు. అడిగింది నేను."

మాస్టారు వినిపించుకోలేదు. సంగీతం చెవులు కదా, ఇష్టమైనవే వింటాయి.

ఆమె మెట్లన్నీ వరసగా నొక్కి, ఒకచోట ఆగింది. లోపలినుంచి ఆ స్వరం పలికే సన్నటి ఇత్తడి నాలుక లాగి చూపించింది.

"ఈ స్వరం కిందికి పలుకుతోంది. కొసన మైనం చుక్క పడింది. దాని బరువే."

మైనం చూడగానే మాస్టారుకి గుర్తొచ్చింది.

పదిహేనేళ్ళ కిందట, కరెంటు పోయిన పూట, కొవ్వొత్తి పట్టుకుని ఆర్గన్ లోపల తుడిచింది తనే. ఆ మర్నాటి నుంచే ఒక పిల్ల ఆ స్వరం దగ్గర దారి తప్పింది. అందరూ ఆర్గన్‌తో కిందికి దిగితే, ఆ పిల్ల ఒక్కతే దిగేది కాదు.

"నీ గొంతుకి చెవుల్లేవు, పో" అని పదిమందిలో వెళ్ళగొట్టారు.

"మీవాళ్ళంతా దీనికే అలవాటుపడి ఉంటారు," అంది రిపేరమ్మ. "గీకేస్తే ఇన్నాళ్ళ తప్పూ బయటపడుతుంది. ఉంచెయ్యమంటారా? ఎవరికీ తెలీదు."

ముప్పై ఏళ్ళ పరువు ఆ చుక్కకి వేలాడింది.

"గీకెయ్యమ్మా."

"ఎవరైనా అడిగితే?"

"అడక్కముందే చెబుతాను. పదిమందిలో అన్న మాట, పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి."

ఆమె గీకేసి, పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది.

పాటలవాళ్ళు రాగానే మాస్టారు లేచి నిలబడ్డారు.

"పదిహేనేళ్ళుగా మీ అందరిచేతా తప్పు పాడించాను. ఒప్పు పాడిన పిల్లని తరిమేశాను. తప్పు దాని గొంతుది కాదు, నాది."

వెనక వరస బొంగురుగొంతు బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"అయితే మాస్టారూ, మాకిచ్చిన తిట్లన్నీ మూటగట్టి ఉంచాం. తిరిగి తీసుకుంటారా?"

అందరికంటే ముందు నవ్వింది మాస్టారే. గుండెమీది మైనం కూడా ఎవరో గీకేసినంత తేలిక.

పాట ఎత్తుకున్నారు. ఆ స్వరం రాగానే అలవాటుకొద్దీ అందరూ కిందికి జారారు. గేటువైపు నుంచి మాత్రం ఒక గొంతు ఆర్గన్‌తో సమంగా నిలబడింది.

పాట అయింది. మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు.

"ఆ పిల్ల ఎక్కడుందో ఎవరికైనా తెలుసా? రేపే వెళ్ళి క్షమించమని అడుగుతాను."

ఆలస్యంగా వచ్చిన పెద్దమ్మ గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ అంది.

"వెతకడం దేనికి నాయనా, రిపేరు పెట్టె పట్టుకుని, మొహానికి కట్టిన గుడ్డ విప్పి, గేటు దగ్గర నీ మాటలన్నీ విని, పాట కూడా పాడి ఇప్పుడే బస్సెక్కింది; నీ నలభై రోజులూ అయ్యాక వచ్చి టీ తాగుతానని చెప్పమంది."