అగస్టా ఓడ గంట

అగస్టా ఓడ గంటను ఎత్తుకుపోయినవాడి పడవను రేవులోనే తగలబెట్టాలని సభలో అందరికంటే గట్టిగా అరిచినవాడు వెండెల్. ఆ గంట అతని గ్యారేజీలో, మంచు తోసే యంత్రం వెనక, పాత దుప్పటి కింద భద్రంగా ఉంది.

వెండెల్ ఊళ్ళో పళ్ళ డాక్టరు. మునిగిన ఓడల రక్షణ సంఘానికి అధ్యక్షుడు. 'చూసి రండి, ముట్టుకోకండి' అని రేవులో బోర్డు పెట్టించింది కూడా అతనే.

సభ ఇర్మా పడవల షెడ్డులో జరుగుతోంది. సుపీరియర్ సరస్సు అడుగున అగస్టాను మొదట కనిపెట్టింది ఈ ఇర్మాయే. డైవింగుకి వచ్చేవాళ్ళను తన పడవలో అక్కడికి తీసుకెళ్ళడం ఆవిడ బతుకుతెరువు; ఊళ్ళో అందరూ ఆవిడను 'కెప్టెన్' అనే పిలుస్తారు. అరుపులు శ్రుతిమించేసరికి ఆవిడ లేచి, గుమ్మం పక్కన వేలాడుతున్న, దట్టంగా ఆకుపచ్చ రంగు పూసిన గంటను ఠంగుమని వాయించింది. ఎప్పటిలాగే అందరూ నోళ్ళు మూసుకున్నారు.

"సోమవారం ప్రభుత్వం నుంచి ఆఫీసరు వస్తున్నాడు. సంఘం సభ్యుల ఇళ్ళన్నీ సోదా చేస్తాడట. గంట ఎవరింట్లో దొరికితే వాళ్ళ పడవ, సామాను జప్తు. ఆపైన జైలు. ఈలోగా గంట దాని చోటికి చేరిందా, ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. ఈ తీరంలో మొదట్నుంచీ ఉన్న పద్ధతే కదా!"

"మన ఇళ్ళు సోదా చేయడమేంటి, కెప్టెన్! సిగ్గుచేటు!" అన్నాడు కోశాధికారి డ్వేన్.

"నిజమే. అవమానం!" అన్నాడు వెండెల్.

"నీకెందుకయ్యా డాక్టరూ భయం? నీ ఇల్లంతా వెతికినా ఊళ్ళోవాళ్ళ పుచ్చుపళ్ళు తప్ప ఏం దొరుకుతాయి?" అంది ఇర్మా.

అందరూ నవ్వారు. వెండెల్ కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

నిజానికి తాను చేసింది దొంగతనమని అతను ఎప్పుడూ అనుకోలేదు. దొంగల బారి నుంచి గంటను కాపాడాననే అనుకున్నాడు. కిందటి శరదృతువులో, డైవింగు పడవలన్నీ ఒడ్డెక్కాక ఒంటరిగా మునిగాడు. ఒంటరిగా మునగరాదన్న నియమం రాసింది అతనే. ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉన్న బోల్టులు నిన్న బిగించినంత సులువుగా ఊడివస్తే, ఓడే తనకు గంటను అప్పగించిందని మురిసిపోయాడు. చలికాలమంతా రోజూ దుప్పటి తీసి, గంట మీద చెక్కిన ఓడ పేరును వేలితో తడుముకునేవాడు.

ఇప్పుడు దాన్ని ఎలాగైనా వదిలించుకోవాలి. జైలు సరే, ఆ బోర్డు కింద నిలబెట్టి తనను ఊరంతా చూసి నవ్వితే ఎలా?

శనివారం రేవులో డ్వేన్ ఎదురుపడ్డాడు. జుట్టంతా తడి, పెదవులు నీలం.

"చేపలకు వెళ్ళొస్తున్నా," అన్నాడు అడక్కుండానే.

"గాలం ఏదీ?"

"నీళ్ళలో పడిపోయింది."

వెండెల్ తన గొడవలో తానుండి, పాపం అనుకుని వచ్చేశాడు.

ఆదివారం పొద్దున్నే, పొగమంచు విడవకముందే, అతను గంటతో సహా పడవ తీశాడు. ఓడ మునిగిన చోటుకు గుర్తుగా నీటిపై తేలే బోయాకు పడవ కట్టి తాడు పట్టుకుని దిగాడు. నడి వేసవిలో కూడా ఆ అడుగున నీళ్ళు ఎముకలు కొరికేస్తాయి. ఆ చలే ఓడను కాపాడింది. ఉప్పు లేదు, చెక్కను తినే పురుగు లేదు. వంటగది అరలో పింగాణీ కప్పులు కడిగి బోర్లించినట్టే ఉన్నాయి. తెరచాప కొయ్యకు తాళ్ళు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి.

వెండెల్ గంట కొయ్య వైపు లైటు తిప్పాడు. అక్కడ గంట వేలాడుతోంది!

లైటు కిందికి దించాడు. డెక్కు మీద ఇంకో మూడు గంటలు వరసగా బోర్లించి ఉన్నాయి. అన్నిటి మీదా అదే పేరు, అవే అక్షరాలు. అదిరిపడి గబగబా ఊపిరి పీల్చేసరికి నోటి దగ్గరి గాలి గొట్టం ఆ చలికి గడ్డకట్టి బుసబుసా గాలి కక్కడం మొదలెట్టింది. చేతిలోని గంటను కూడా ఆ వరసలో పడేసి, తాడు పట్టుకుని పైకి వచ్చాడు.

అతని పడవ పక్కనే ఇర్మా పడవ ఉంది. ఆవిడ ఫ్లాస్కు మూత తీస్తోంది.

"పెట్టేశావా?"

"ఏం పెట్టడం, కెప్టెన్? ఊరికే సరదాగా మునిగాను."

"సర్లే, ఎక్కు. కింద ఎన్నున్నాయి?"

వెండెల్ ఆవిడ పడవలోకి ఎక్కి, తల వంచుకుని అన్నాడు. "నాదాంతో కలిపి ఐదు."

"ఇంకొకటి రావాలి. పాస్టరుగారు చర్చిలో ప్రసంగం ముగించుకుని వస్తారులే."

"మరి ఆఫీసరు?"

"ఆఫీసరూ లేడు, గీఫీసరూ లేడు. గంట లేని ఓడను చూడ్డానికి ఎవడొస్తాడు? అందుకే పోయినప్పుడల్లా కిక్కురుమనకుండా ఇంకో నకలు పోయించి తగిలించాను. కొత్తది చూసి, అసలుది తన దగ్గరే ఉందని ప్రతివాడూ లోపల్లోపల నవ్వుకున్నాడు. పోతపోసే ముసలాయన మొన్న చలికాలంలో కాలం చేశాడు. నువ్వు తీసినదాని చోట పెట్టడానికి ఇక కొత్తది రాదు. అందుకే అన్నీ వెనక్కి రప్పించుకున్నా."

చలికాలమంతా తాను తడుముకున్నది ఉత్త నకలని తెలిసేసరికి వెండెల్‌కు ఒళ్ళు మండిపోయింది. అధ్యక్షుడి గొంతు తిరిగి వచ్చేసింది.

"ఎంత ఘోరం! అసలు గంటను కొట్టేసినవాడెవడో చెప్పండి, కెప్టెన్! వాడి పడవ నా చేత్తో నేనే తగలబెడతాను!"

ఇర్మా అతని చేతికి కాఫీ కప్పు అందించింది.

"నా పడవ తగలబెట్టే ముందు ఈ కాఫీ తాగు, డాక్టరూ. ఇన్నేళ్ళుగా సభలో మీ అందరి నోళ్ళూ మూయిస్తున్నది ఆ గంటతోనే కదా!"