చూపున్నవాడి కళ్లజోడు

“మీ చూపుకేం లోపం లేదండీ. కళ్లజోడు అక్కర్లేదు.”

కళ్లద్దాల షాపావిడ చార్టు మీది లైటు ఆర్పేసింది. చివరి వరుసలోని చీమ తలకాయంత అక్షరాలు కూడా అతడు గడగడా చదివేశాడు.

“ఫర్వాలేదు మేడమ్, ఒకటి చేసిపెట్టండి.”

వీధంతా ఆమెను అక్కా అంటుంది. ఇతనొక్కడే మేడమ్ అన్నాడు. బేరమాడకుండా ఫ్రేము ఎంచుకున్నాడు, ఫోన్ నంబరు ఇచ్చాడు, అయినా కదలలేదు. కౌంటరు మీదున్న ఆమె షుగర్ మాత్రల వైపు చూశాడు.

“కొలెస్ట్రాల్ చూపించుకున్నారా? మీ రెప్పల మూలన ఆ పసుపు మచ్చలు కొవ్వువి. ఒక్కసారి రక్తపరీక్ష చేయించుకోండి.”

ఆమెకు ఒళ్లు మండింది.

“ఏదైనా ల్యాబు తరఫున వచ్చారేంటి?”

అతడు నవ్వేసి వెళ్లిపోయాడు.

కళ్లద్దాల షాపులో ఎటు తిరిగినా అద్దమే. ఏ అద్దంలో చూసినా ఆ మచ్చలే.

ఆమె తండ్రి నలభై నిండకుండానే, చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుండె పట్టుకుని కూలిపోయాడు. ఇప్పుడామెకూ నలభై దగ్గర పడుతోంది. అందుకే పరీక్షంటే హడల్. చేయించుకోకపోతే ఏమీ లేనట్టే కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. కానీ ఆ రోజు నుంచి నాలుగు మెట్లెక్కినా చెయ్యి ఛాతీ మీదికే పోయేది.

వారం తిరక్కుండా అతడు మళ్లీ వచ్చాడు.

“కళ్లజోడు ఇంకా కాలేదండీ.”

“దానికి కాదు మేడమ్. పరీక్ష చేయించుకున్నారా?”

“నా సంగతి మీకెందుకు? ముందు మీ రెప్పలు చూసుకోండి. మీకూ ఉన్నాయిగా మచ్చలు!”

“చూసుకున్నాకే వచ్చాను.”

“మళ్లీ ఈ మాటెత్తితే షాపు గడప తొక్కనివ్వను.”

అతడేదో చెప్పబోయాడు. ఆమె గొంతు వణకడం గమనించి ఆగిపోయాడు.

“కోప్పడండి మేడమ్. కానీ చేయించుకోండి.”

ఆ మాట చెవిలో జోరీగలా వదల్లేదు. చివరికి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లింది. రిపోర్టు చూసి డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

“ఇది తిండితో వచ్చింది కాదమ్మా, పుట్టుకతో వచ్చిన జీన్. అదే జీన్ ఒకరిలో నోరు మెదపదు, ఇంకొకరిలో ఊరుకోదు. దానికి షుగర్ తోడైతే అగ్నికి ఆజ్యమే. ఇంకొన్నాళ్లు ఆగుంటే ప్రాణం మీదికొచ్చేది. ఇవాళే మందు మొదలుపెడదాం. తోడబుట్టినవాళ్లుంటే వెంటనే చెప్పండి, వాళ్లకీ ఉండొచ్చు.”

“ఎవరూ లేరండీ. నాన్న పోయాక ఒక తమ్ముడు పుట్టి, పురిట్లోనే పోయాడని అమ్మ చెప్పేది.”

బయటికొచ్చాక ఆమెకు మొదట గుర్తొచ్చింది ఆ మనిషే. ఎంతెంత మాటలన్నాను అని సిగ్గుపడింది. అతడి కళ్లజోడు ఎప్పుడో తయారైంది. తీసుకోవడానికి మాత్రం రాలేదు.

షాపుకు రాగానే ఫోన్ చేసింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

“కళ్లజోడు తయారైందండీ. ఆయన్ని ఒకసారి రమ్మంటారా? క్షమించమని అడగాలి.”

“మా ఆయన లేరండీ. పోయిన వారం గుండెపోటు వచ్చింది. ఆయన జబ్బు సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది.”

ఆమె చేతిలోని కళ్లజోడును మెల్లగా కౌంటరు మీద పెట్టింది. అవతలి గొంతే ఆత్రంగా అడిగింది.

“మీరు కళ్లద్దాల షాపువారా? పరీక్ష చేయించుకున్నారా?”

“చేయించుకున్నాను. మందులు కూడా మొదలెట్టారు. కానీ మీకెలా...”

“హమ్మయ్య!” అంటూనే ఆవిడ భోరుమంది.

“ఆయన్ని పెంచుకున్నవాళ్లు, జబ్బు బయటపడ్డాక గానీ అసలు సంగతి చెప్పలేదు. ‘ఉన్నట్టుండి తమ్ముణ్ణని చెబితే అక్క గుండె తట్టుకోదేమో, ముందు ఆ పరీక్ష కానీ’ అంటూ కళ్లజోడు వంకతో మీ చుట్టూ తిరిగారు వదినా.”