దసరా డబ్బాలో క్యాసెట్

"దొరికిందా, మణికుమార్?"

గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది హేమ. ఆ ఆఫీసులో క్యాసెట్ల గదిలోకి ఎవరూ అడుగు పెట్టరు. అందుకు కారణాలు రెండు. బూజు వాసన ఒకటి, మణికుమార్ ఒకటి.

"వెతుకుతున్నానండి," అన్నాడతను తలెత్తకుండా.

"రిజిస్టర్లో ఉందిగా! పదమూడేళ్ళ కిందటిది, తొంభై అయిదు, 'పటమట తల్లి' అని. ఈ ఏడాది నుంచి ఏప్రిల్ రెండు ఆటిజం రోజంట. సాయంత్రం ఆరింటికి ప్రోగ్రామ్. నాకు రెండు నిమిషాల ఏడుపు చాలు."

బెజవాడ ఏలూరు రోడ్డులో ఓ మేడ మీద నడిచే చిన్న కేబుల్ ఛానెల్ అది. ఆడవాళ్ళ ప్రోగ్రాములన్నీ హేమే చూస్తుంది. మణికుమార్ చేరి మూడేళ్ళయింది. మేనేజర్ రామకోటేశ్వరరావు తనను ముందు కౌంటర్లో కూర్చోబెడతానంటే వద్దని, ఏరికోరి ఈ గదే అడిగి పుచ్చుకున్నాడు. పదకొండు వందల పైచిలుకు పాత క్యాసెట్లు. ఒక్కొక్కటీ తీసి, బూజు తుడిచి, ఆడించి చూసి, పనికొచ్చేదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడం అతని పని.

ఎదురుపడితే గోడకేసి చూస్తాడు. మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటకు టిఫిన్ డబ్బా విప్పుకుని ఒక్కడే తింటాడు. పొగరని కొందరన్నారు. ఎప్పుడో డాన్సు ప్రోగ్రామ్‌లో చూసిన పిల్ల కోసం క్యాసెట్లన్నీ గాలిస్తున్నాడని కెమెరామన్ బాబీ ఓ కథ కూడా అల్లాడు. కొన్నాళ్ళకు ఆ కథ చెప్పుకోవడం కూడా మానేశారు. నలుగురూ మన గురించి చెవులు కొరుక్కోవడం కూడా మానేశారంటే, ఆ ఒంటరితనం పగవాడికి కూడా వద్దు.

నాలుగింటికి క్యాసెట్ దొరికింది. 'దసరా 95, తెప్పోత్సవం' అని రాసిన డబ్బాలో ఉంది. ఆ రోజుల్లో ఒకసారి ప్రసారమైన క్యాసెట్ మీదే మళ్ళీ కొత్తది రికార్డు చేసేవారు. పండగ హడావుడిలో డబ్బా మీద పేరు రాసేసి, రికార్డు చేయడం మరిచినట్టున్నారు. ఎవరి మతిమరుపో గానీ, వాళ్ళ చేతికి దండం పెట్టాలి.

మణికుమార్ దాని మీది బూజును చొక్కా అంచుతో తుడిచాడు.

"హమ్మయ్య!" అంటూ హేమ ఈసారి ముక్కు మూసుకుని లోపలికే వచ్చింది.

"చెమ్మకి టేపు అతుక్కుపోయిందండి. ఒక్కసారే ఆడుతుంది. మళ్ళీ పెడితే తెగిపోద్ది."

"ఒక్కసారి చాల్లే. ఏడ్చే ముక్క ఎక్కించి ఆపెయ్. డిస్కులో చోటు లేదు. క్యాసెట్ పాత సామాన్లవాడికి వేసెయ్, అయిదింటికి వస్తాడు."

"మొత్తం ఎక్కిస్తానండి."

ఎవరేం చెప్పినా గంగిరెద్దులా తలూపే మనిషి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. హేమ వింతగా చూసింది.

"మొత్తం ఏం చేసుకుంటాం?"

అతను బటన్ నొక్కాడు.

తెర మీద ఓ పెంకుటింటి వసారా. ముప్పై ఏళ్ళ తల్లి. పక్కన తొమ్మిదేళ్ళ కొడుకు స్టీలు పళ్ళెం గిరగిరా తిప్పుతున్నాడు. కనిపించని గొంతొకటి అడుగుతోంది.

"మీరు పోయాక వీడి గతేంటమ్మా?"

"అన్నీ నేర్పుతున్నానండి. తన ఇడ్లీ తనే పెట్టుకుని తింటాడు. మా వీధిలో ఆగే బస్సులన్నీ..."

"అది కాదమ్మా. మీరు పోయాక?"

మూడోసారి అడిగేసరికి ఆమె కళ్ళు నిండాయి. కెమెరా ఆ కళ్ళ మీదికి ఉరికింది.

"అదీ! అక్కడ వయొలిన్ పడితే ఊరు ఊరంతా ఏడుస్తుంది," అంది హేమ. "ఆ పిల్లాడు ఈపాటికి ఏ ఆశ్రమంలో పడున్నాడో పాపం. అలాంటివాళ్ళు ఎవరికి కావాలి చెప్పు?"

మణికుమార్ గోడకేసి చూశాడు.

"అయిపోయిందిగా, ఆపెయ్."

"ఇంకా ఉందండి."

"నీ ఇష్టం. నా ముక్క మాత్రం అయిదున్నరకల్లా పంపించు," అని ఆమె వెళ్ళిపోయింది.

కెమెరాను ఆపడం మరిచి కుర్చీలో పెట్టినట్టున్నారు. వసారా ఓ పక్కకి ఒరిగి కనిపిస్తోంది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. కొడుకు మళ్ళీ పళ్ళెం తిప్పాడు. అది తూలి తూలి తన కాలి దగ్గరికొచ్చి పడితే ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు ఏ టీవీలోనూ రాలేదు. ఏడుపుకున్న గిరాకీ నవ్వుకెక్కడిది!

"అప్పుడే వెళ్ళిపోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి, వీడి పేరు వీడే చెబుతాడు. నాన్నా, మామయ్యలకి నీ పేరు చెప్పు."

పళ్ళెం తిరుగుతోంది.

"మాటలు రావు కదమ్మా. ఎందుకు శ్రమ?" అంది ఆ గొంతు.

"వస్తాయండి. కాస్త ఆలస్యమవుద్ది, అంతే. మనం ఆగాలి. ఆగితే చెబుతాడు. నీ పేరేంటి నాన్నా?"

ఎవరూ ఆగలేదు. వైర్లు చుడుతున్న చప్పుడు, జీపు తలుపు చప్పుడు వినిపించాయి. ఆమె మాత్రం నవ్వు మొహంతో కొడుకు పెదవులకేసి చూస్తూ అలాగే ఉంది. ఇంతలో టేపు పటుక్కున తెగింది. కంప్యూటర్ తెర మీద ఆ చివరి బొమ్మ నిలిచిపోయింది.

అయిదయింది. కింద పాత సామాన్లవాడి కేక వినబడుతోంది. మణికుమార్ లేవలేదు. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, తెర మీది కళ్ళలోకి నేరుగా చూశాడు. చాలాసేపు అతని పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. చివరికి వచ్చింది.

"మణికుమార్, అమ్మా," అన్నాడు.