నూట ఇరవై పిట్టలు

ముందే ఒప్పేసుకోవడం మంచిది. ఆ గేమ్ చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు.

ఒక చెట్టు. దాని మీద పిట్టలు. పిట్టని ముట్టుకుంటే పరాయి భాషలో ఒక మాట పలుకుతుంది. కింద నాలుగు బొమ్మలుంటాయి. సరైనది నొక్కితే పిట్ట తుర్రుమంటుంది. తప్పు నొక్కితే తల అడ్డంగా ఊపి అక్కడే కూర్చుంటుంది. అంతే.

దాన్ని తయారుచేసినావిడ ఆఫీసులో బ్యాంకు యాప్‌లకి స్క్రీన్లు డిజైన్ చేస్తుంది. పిల్లల ఆటలు ఆవిడ పని కాదు. కానీ కాగితాలు చేతికొచ్చిన సాయంత్రమే ఇది మొదలుపెట్టింది. ప్రయాణానికి నెలే టైముంది. ఆరేళ్ళ కూతురికి ఆ దేశం భాషలో ఒక్క ముక్క రాదు.

ఆ పిల్లని ఇంట్లో ఉడత అంటారు. కూర్చోబెట్టి నేర్పడం ఎవరి తరమూ కాదు. ఫోన్ చేతికిస్తే మాత్రం యోగిలా కదలదు.

ఆఫీసులో పక్క సీటు టెస్టర్ అమ్మాయి లంచ్ టైంలో గేమ్ ఆడి తప్పులు పట్టేది. మాటల లిస్టు చూసి నోరెళ్ళబెట్టింది.

“ఏంటక్కా ఇది? ఎవరైనా యాపిల్, బంతి, ఏనుగు నేర్పుతారు. మొదటి లెవెల్లోనే మీగడ ఏంటి?”

“పాలల్లో మీగడ తగిలితే కక్కేస్తుంది.”

“సరే. చెవిపోటు?”

“చలికాలం ఎడమ చెవి నొప్పెడుతుంది. ఏడవదు. ఊరికే తల వంచుకుని కూర్చుంటుంది. మనమే కనిపెట్టాలి.”

‘లైటు ఆర్పొద్దు’ గురించి టెస్టర్ ఇంక అడగలేదు. మొత్తం నూట ఇరవై మాటలు. ఏనుగు లేదు.

నువ్వొక్క లెవెలైనా ఆడావా అని మాత్రం నిలదీసింది. అక్కడ దిగాక గుక్కెడు నీళ్ళు కావాలన్నా పిల్ల వెనకాలే తిరగాలి, పరువు పోతుందక్కా అని ఆటపట్టించింది. తనకా అవసరం పడదులే అంది ఆవిడ. ఎంత బడాయో అనుకుంది టెస్టర్.

మొదటి వారంలో నలభై పిట్టలు ఎగిరిపోయాయి. తర్వాత ఒక్కటీ కదల్లేదు. అన్నీ తప్పులే. నిన్న వచ్చిన మాట కూడా ఇవాళ తప్పు.

ఆవిడ కోడ్ మొత్తం తిరగేసింది. చెవి బొమ్మ మూడుసార్లు మార్చింది. నీళ్ళ గ్లాసు పాల గ్లాసులా ఉందేమోనని నీలం రంగు పూసింది. పిల్ల అలిసిపోయిందేమో వదిలెయ్ అన్నాడు భర్త. అనేసి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. ఈమధ్య ఆయన దేనికైనా బాల్కనీలోకే వెళ్తున్నాడు.

ఉడత నొక్కే ప్రతి నొక్కూ ల్యాప్‌టాప్‌లో నమోదవుతుంది. ఆదివారం ఆ లెక్కలు చూస్తుంటే ఆవిడకి వెలిగింది. తప్పు జవాబులన్నీ అర సెకనులో వచ్చాయి. తెలియనివాళ్ళు తటపటాయిస్తారు. ఇంత చకచకా తప్పు చెప్పాలంటే ఒప్పేదో తెలిసుండాలి.

వెళ్ళి సోఫాలో పిల్ల పక్కన కూర్చుంది.

“ఉడతా, ఈ పిట్ట ఏమంటోందో నీకు తెలుసు కదూ?”

“నీళ్ళు.”

“మరి బూటెందుకు నొక్కావు?”

పిల్ల ఫోన్లోంచి తలెత్తలేదు. “చెట్టు ఖాళీ అయ్యేసరికి ప్రయాణం వచ్చేస్తుందని నువ్వేగా చెప్పావు. నాకిక్కడే బాగుంది.”

అవును, తనే చెప్పింది. మొదటిరోజు ఊరించడానికి. గేములు చేసేవాళ్ళంతా చివర్లో ఒక బహుమతి చూపిస్తారు. అది పిల్లకి అక్కర్లేకపోతే ఏం చేస్తుందో ఆలోచించలేదు.

రెండ్రోజులు ఆవిడ గేమ్ జోలికి పోలేదు. చెట్టు ఖాళీ కాకపోతే తారీఖు కూడా ఆగిపోతుందేమో అనిపించింది. ఇంజనీరింగ్ చదివిన మనిషికి.

మూడోరోజు, కొత్త గదిలో తల వంచుకుని కూర్చున్న ఉడత కళ్ళముందు కదిలింది. ఎందుకలా కూర్చుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

అప్పుడు పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నిజం చెప్పింది. తారీఖు కాగితాల్లో ఉంది, చెట్టు మీద లేదు. పిట్టలు ఎగిరినా ఎగరకపోయినా ఆ రోజు వస్తుంది. ఉడత ఆవిడ గాజులు ఒక్కొక్కటీ పైకి తోసింది.

“అక్కడ ఎవరూ నాతో మాట్లాడకపోతే?”

“నువ్వు ముట్టుకుంటే ఇవి మాట్లాడతాయి.”

ఆ సాయంత్రమే గేమ్ మార్చేసింది. ఇప్పుడు వచ్చేసిన మాట ఎగిరిపోదు. పిట్ట కింది కొమ్మ మీద వాలి, ఎన్నిసార్లు ముట్టుకుంటే అన్నిసార్లు పలుకుతుంది. ఉడత రోజుకి పది చొప్పున దించేసింది. లైటు ఆర్పొద్దని అచ్చం ఆ దేశం పిల్లలా గదమాయించింది. వినడానికి బాల్కనీలోంచి నాన్న కూడా వచ్చి నిలబడ్డాడు.

చివరికి ఒక్క పిట్ట మిగిలింది. అమ్మ.

దానికి బొమ్మ గీయడం ఆవిడకి చేతకాలేదు. తన ఫోటోనే పెట్టింది.

పిట్ట పూర్తిగా పలకకముందే ఉడత ఫోటో నొక్కేసింది. తలెత్తి ఆవిడ మొహంలోకి చూస్తూ, ఆ భాషలో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అమ్మా అంది. మళ్ళీ అనమంది ఆవిడ. మళ్ళీ అంది. ఇంకోసారి, అంది ఆవిడ. పిల్ల పడీపడీ నవ్వుతూ స్నానానికి పరిగెత్తింది.

బాత్రూం తలుపు పడగానే ఆవిడ ల్యాప్‌టాప్ తెరిచి, ఆ మాట కింద తన ఫోటో తీసేసి, ఏడాది పిల్లప్పుడు పోగొట్టుకుని ఐదేళ్ళు వెతికి వెతికి ఎల్లుండి ఉడతని తీసుకెళ్ళడానికి వస్తున్న కన్నతల్లి ఫోటో పెట్టింది.