ఆయా సరోజ

కుప్పకూలిన తన వార్తల సైట్‌ను బతికించుకోవడానికి రాకేష్ ఇటిక్యాలలో కోడింగ్ తెలిసిన కృప ఇంటికి వచ్చాడు.

"వార్తల నడుమ ఇరికిన కోడు గుర్తులు తీసేసే ప్యాటర్న్ రాసిన అన్నా. కోడంతా పోయి నీ రాతలే మిగిలినయి. మొదటిది జర పైకి చదువు," అంది కృప.

రాకేష్ చదివాడు. "'అంగన్‌వాడీ గుడ్లు అమ్ముకుంటున్న ఆయా సరోజ.' గీ సరోజ ఎవరు? యాదికొస్తలేదు."

మంచినీళ్లు తెచ్చిన కృప తల్లి, "నేనే సారూ," అంది. "ఒక్క గుడ్డు గూడ అమ్ముకోలే. మీ రాతతోని నా కొలువు పోయింది."

అన్ని వార్తలనూ అతని కళ్లముందే చెరిపేయాలని కృప పొద్దున్నుంచీ పళ్లు కొరుకుతోంది. కానీ నాలుగేళ్లుగా తమను కాల్చిన మాట వీడికి గుర్తే లేదు! చెరిపేస్తే వీడికి మరిచిపోవడం మరింత సులువవుతుంది.

చెరిపేసే మీట మీది వేలు తీసి, కుర్చీ అతని ముందుకు లాగింది.

"కూసో అన్నా. గది అబద్ధమని నీ పేరుతోని రాయి. అమ్మ చదివినంక మిగిలిన వార్తలు ఇస్త."